జిరేనియమును పోల్చుట యెట్లు?

ఇంగ్లండు పెరటితోటలలో మంచునకు చావక యేటేట చిగిర్చు జిరేనియమునకును, అదే పేరున కుండీలలో చెలామణి యగు పెలార్గోనియమునకును భేదమెట్లు తెలియును? 1753లో వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయసు రెంటిని ఒకే ప్రజాతిలో చేర్చినందున గలిగిన యీ తికమక, 1789లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లెరిత్యే వానిని విడదీసినను, నర్సరీలవారి నోట నేటికిని నిలిచియే యున్నది. పువ్వును ఎదురుగా చూడుడు: అయిదు రేకులును సమానముగ నుండిన జిరేనియము, పై రెండు రేకులు తక్కిన మూటికి భిన్నముగ నుండిన పెలార్గోనియము. ఇక జిరేనియములలో రకమేదో తేల్చుటకు పువ్వుకంటె ఆకే మేలని నా యభిప్రాయము. నలిపినంతనే ఘాటుగ వాసన గొట్టునది మాక్రోరైజమ్. సన్నగా, లోతుగా చీలిన యాకు గలది సాంగ్వినియమ్. పూరేకులు రాలిన పిదప కొంగముక్కువలె సాగు కాయనుబట్టియే గ్రీకుభాషలో జిరేనియమునకీ పేరు గలిగినది. ఆ ముక్కు యెండి, అయిదు పాయలుగా చీలి, చటుక్కున పైకి చుట్టుకొనుచు, ఒడిసెలవలె విత్తులను దూరముగా విసరును.