కంప్యూటరు మేలుకొలుపు, నిద్ర – పంచాయతీకి పొదుపు

అరకులోయ, అనంతగిరి, డుంబ్రిగూడ మండలములలోని కొండ గ్రామములకు నేడు కంప్యూటరు క్రొత్త వస్తువు కాదు. 2019 అక్టోబరు 2వ తేదీన రాష్ట్రమున గ్రామ సచివాలయ వ్యవస్థ ప్రారంభమైనది. 2020 ఏప్రిల్ 24న వెలువడిన ఈ-గ్రామస్వరాజ్ ద్వారా పంచాయతీల ప్రణాళికలు, జమాఖర్చులు కూడ కంప్యూటరున కెక్కినవి. కావున ఈ యంత్రము ఎట్లు మేల్కొనునో, ఎట్లు నిద్రించునో సభ్యులు తెలిసికొనుట అవసరము.

మీట నొక్కగానే ముందుగా పనిచేయునది పెట్టెలోని పవర్ సప్లై. గోడ ప్లగ్గు నుండి వచ్చు 230 వోల్టుల కరెంటును అది 12, 5, 3.3 వోల్టులకు తగ్గించి భాగములకు పంచును. అంతట ప్రాసెసరు, మదర్‌బోర్డు మీది చిన్న చిప్పులో వ్రాసియుంచిన ఆదేశములను చదివి, భాగములన్నియు సరిగా నున్నవో లేవో పరీక్షించును. పిదప డిస్కు నుండి విండోస్ లేదా లినక్స్‌ను ర్యామ్‌లోనికి తెచ్చును. అప్పుడే తెరపై పని మొదలగును.

డిస్కు కార్యాలయపు బీరువా వంటిది. ర్యామ్ గుమాస్తా బల్ల వంటిది. కరెంటు పోయినచో బీరువాలోని కాగితములు భద్రము. బల్లపై నున్నవి మాత్రము పోవును.

కంప్యూటరును విశ్రమింపజేయు పద్ధతులు మూడు. ‘స్లీప్’లో బల్లపై కాగితములు అట్లే యుండును, వాటిని నిలుపుటకు స్వల్పముగ కరెంటు కావలెను. ‘హైబర్నేట్’లో బల్లపై నున్నదంతయు బీరువాలోనికి చేరి యంత్రము ఆరిపోవును, మరల వెలిగించినప్పుడు పని విడిచిన చోటనే దొరకును. ‘షట్‌డౌన్’లో అన్నియు మూసివేయబడును, ముందుగా సేవ్ చేయనిది మిగులదు.

పొదుపు లెక్క చూతము. తెరతో సహా 100 వాట్లు వాడు కంప్యూటరును సాయంకాలము నుండి ఉదయము వరకు 16 గంటలు ఊరక వదలినచో 1.6 యూనిట్లు ఖర్చగును. 30 రాత్రులకు 48 యూనిట్లు. స్లీప్‌లో 5 వాట్లు తీసికొన్నను నెలకు 2.4 యూనిట్లే. తెరపై బొమ్మలు కదలుచుండుట పొదుపు కాదు, తెర ఆరిపోవలెను.

అయితే మన కొండలలో గాలివానకు చెట్లు కూలి తీగలు తెగుట అరుదు కాదు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుఫాను కాఫీ తోటలలోని సిల్వర్ ఓక్ చెట్లను సైతము పడగొట్టినది. స్లీప్‌లో నుండగా కరెంటు పోయినచో సేవ్ చేయని పని పోవును. కొండమీది గూడెము నుండి నడిచివచ్చిన వృద్ధురాలు అదే దరఖాస్తునకై మరల దిగిరావలసి వచ్చును.

కావున పని చేయుచున్నంతసేపు తరచు సేవ్ చేయవలెను. భోజన విరామమున స్లీప్ చాలును. వాన కమ్మినప్పుడు హైబర్నేట్ మేలు. ఆ మాట జాబితాలో కానరానిచో సెట్టింగులలో చేర్పించుకొనవచ్చును. సాయంకాలము షట్‌డౌన్ చేసి, తెర ఆరిన పిమ్మటనే గోడ స్విచ్చి ఆపవలెను. యూపీఎస్ ఉన్నను అది నిలుపునది కొద్ది నిమిషములే; ఆ వ్యవధిలో పని భద్రపరచుకొనవలెను.

ఈ కొండల నీటితోనే మాచ్‌ఖండ్ కేంద్రము 1955 నుండి విద్యుత్తు నిచ్చుచున్నది. దానిని వృథా కానీయకుండుట, ప్రజల పని చెడనీయకుండుట, రెండును పంచాయతీ బాధ్యతలే.