వంపు తిరిగినా సరళమే

బ్రేకు తొక్కాక కారు ఎంత దూరం వెళ్లి ఆగుతుంది? 1920ల నాటి కార్ల మీద తీసిన 50 కొలతలు ‘ఆర్’ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో నేటికీ ఉన్నాయి. వాటిని ‘ఎల్‌ఎం’ అనే ఆదేశానికి అప్పగిస్తే తిన్నని గీత గీసి, వేగం గంటకు మైలు పెరిగినప్పుడల్లా దూరం సుమారు 3.9 అడుగులు పెరుగుతుందని చెబుతుంది. అయితే ఆ గీత ప్రకారం, నిలిచి ఉన్న కారు ఆగడానికి పట్టే దూరం సున్నా కంటే 17.6 అడుగులు తక్కువ! బ్రేకు పడ్డాక కారు జారే దూరం వేగవర్గాన్ని బట్టి పెరుగుతుందని భౌతికశాస్త్రం ఎప్పుడో చెప్పింది. అందుకే సూత్రంలో వేగవర్గాన్నీ చేరుస్తాం. గీత వంపు తిరుగుతుంది. అయినా ఎల్‌ఎం దృష్టిలో అది సరళ నమూనాయే.

కారణం 1805లోనే ఉంది. ఫ్రెంచ్ గణితవేత్త లెజాండర్ తోకచుక్కల కక్ష్యల మీద రాసిన పుస్తకానికి అనుబంధంగా కనిష్ఠ వర్గాల పద్ధతిని ప్రచురించాడు. కొలతకూ అంచనాకూ మధ్య తేడాలను వర్గం చేసి కూడితే వచ్చే మొత్తం అతి తక్కువగా ఉండేలా గుణకాలను ఎంచుకోవాలి. తెలియని గుణకాలు తెలిసిన సంఖ్యలను గుణించి, కూడికగా మాత్రమే నిలిస్తే, గుణకాలెన్నో అన్ని సరళ సమీకరణాలు వస్తాయి. వాటిని ఒక్క దఫాలో సాధించవచ్చు. వేగం 20 అయితే దాని వర్గం 400. రెండూ తెలిసిన సంఖ్యలే. యంత్రానికి అవి పక్కపక్కనున్న రెండు నిలువు వరుసలు. ఆ అంకెలు వర్గం చేస్తే వచ్చాయా, లాగరిథమ్ తీస్తే వచ్చాయా అని అది ఆరా తీయదు.

ఒక వరుస మరోదానికి నకలైతే? వేగాన్ని మైళ్లలోనూ కిలోమీటర్లలోనూ ఇస్తే గుణకాలకు ఏకైక జవాబు ఉండదు. ఇలాంటి చిక్కుల కోసమే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్.రావు సాధారణీకృత విలోమ సిద్ధాంతాన్ని అభివృద్ధి చేశారు. ఎల్‌ఎం మాత్రం అదనపు వరుసను పక్కనపెట్టి, దాని గుణకం చోట ‘ఎన్‌ఏ’ అని చూపిస్తుంది.

ఎల్‌ఎంకు ఇచ్చే సూత్రాలు రాసే సంకేత పద్ధతిని 1973లో విల్కిన్సన్, రోజర్స్ ప్రతిపాదించారు. బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన ఎస్ భాష దాన్ని మలచుకుంది. ఆక్లాండ్‌లో ఇహాకా, జెంటిల్‌మన్ తయారుచేసిన ఆర్ దాన్ని అందిపుచ్చుకుంది. ఈ వారసత్వంలో ఒక మెలిక ఉంది. సూత్రంలో ఘాత చిహ్నానికి అర్థం వర్గం కాదు, చలరాశుల కలయిక. వేగం పక్కన ఊరికే ఆ చిహ్నం, 2 రాస్తే మళ్లీ తిన్నని గీతే వస్తుంది, హెచ్చరిక కూడా రాదు. వర్గాన్ని ‘ఐ’ అనే ప్రమేయం బ్రాకెట్లలో పెట్టాలి.

మరి సరళం కానిదేది? వేగం ఘాతం 2 అని మనం ముందే చెప్పకుండా, ఆ ఘాతాన్నే కనిపెట్టమంటే లెక్క మారిపోతుంది. తెలియని సంఖ్య ఘాతంలోకి ఎక్కితే వరుసను ముందుగా తయారుచేయలేం. అప్పుడు ‘ఎన్‌ఎల్‌ఎస్’ అనే మరో ఆదేశం కావాలి. దానికి సాధారణంగా తొలి ఊహలు మనమే ఇవ్వాలి. అది మెట్టుమెట్టుగా సవరించుకుంటూ పోతుంది, ఒక్కోసారి జవాబుకు చేరదు కూడా.

నమూనా సరళమో కాదో తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఒకటుంది. సూత్రాన్ని అందులోని ఒక్కో తెలియని సంఖ్య దృష్ట్యా అవకలనం చేయండి. ఫలితంలో తెలియని సంఖ్యలేవీ మిగలకపోతే, గీత ఎన్ని వంపులు తిరిగినా అది సరళ నమూనాయే.