ఎత్తిన బకెట్ తనంతట తానే ఎందుకు కిందికి జారుతుంది?

బకెట్ నిండా ఇసుకతో ట్రాక్టర్ లోడర్ చేతులు పైకి లేచాయి. డ్రైవర్ లీవరు వదిలేశాడు. గొట్టాల నుంచి ఎక్కడా నూనె కారడం లేదు. అయినా పది నిమిషాల్లో బకెట్ మూరెడు కిందికి జారింది. ఇలాంటప్పుడు తరచుగా వినిపించే మాట ఒక్కటే: ‘పంపు పోయింది’. భౌతికశాస్త్రం మాత్రం ఆ తీర్పును ఒప్పుకోదు.

మగ్గాల పని కోసం తెలంగాణ నుంచి ఎన్నో కుటుంబాలు వలస వెళ్లిన సూరత్‌లో, తపతి నదికి ఉత్తర ఒడ్డున ఉంది అమ్రోలి. ఇళ్లు పెరుగుతున్న ఇలాంటి శివార్లలో మట్టి, ఇసుక ఎత్తడానికి పాత ట్రాక్టర్‌కు ముందు బిగించిన లోడర్ బాగా పనికొస్తుంది. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి వదిలిన నీటితో సూరత్‌లో అధిక భాగం మునిగింది. అలాంటి వరద తీశాక వీధుల్లో మిగిలే ఒండ్రును ఎత్తాలన్నా ఇలాంటి యంత్రాలే కావాలి. అది ఆగితే ఆ రోజు కిరాయి పోతుంది. లోపం ఒకచోట ఉంటే భాగం మరొకటి మార్చితే డబ్బూ పోతుంది.

పంపు ఇచ్చేది ప్రవాహం

మూసి ఉన్న ద్రవంలో ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుందని 17వ శతాబ్దంలో పాస్కల్ వివరించాడు. ఆ సూత్రంతో పనిచేసే హైడ్రాలిక్ ప్రెస్‌కు ఇంగ్లండ్‌లో జోసెఫ్ బ్రామా 1795లో పేటెంట్ పొందాడు. లోడర్ కూడా అదే కుటుంబానికి చెందినది.

ఉదాహరణకు సిలిండర్ లోపలి వ్యాసం 63 మిల్లీమీటర్లు అనుకుందాం. పిస్టన్ వైశాల్యం సుమారు 31 చదరపు సెంటీమీటర్లు. నూనె ఒత్తిడి 150 బార్లు ఉంటే ఒక్కో సిలిండర్ సుమారు 4,700 కిలోల బలంతో నెడుతుంది. లోడర్ చేతులు పొడవుగా ఉంటాయి కాబట్టి బకెట్ దగ్గరికి వచ్చేసరికి ఈ బలం బాగా తగ్గుతుంది.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. పంపు చేసే పని నూనెను తోయడమే. ఆ నూనెకు బరువు అడ్డుపడినప్పుడే ఒత్తిడి పుడుతుంది. అది హద్దు దాటకుండా రిలీఫ్ వాల్వు కాస్త నూనెను తిరిగి ట్యాంకుకు వదిలేస్తుంది.

గడియారమే మొదటి పరికరం

అదే సిలిండర్ 60 సెంటీమీటర్లు చాచుకోవాలంటే సుమారు 1.9 లీటర్ల నూనె కావాలి. రెండింటికీ కలిపి 3.7 లీటర్లు. నిమిషానికి 30 లీటర్లు ఇచ్చే పంపు ఉంటే ఏడెనిమిది సెకన్లలో చేతులు పైకి లేవాలి. 15 సెకన్లు పడితే ప్రవాహం సగమే అందుతోందని అర్థం. అప్పుడు ముందుగా చూడాల్సినది నూనె మట్టం, తర్వాత పూడుకుపోయిన జాలీ, ఆ తర్వాతే పంపు.

ఖాళీ బకెట్ చకచకా లేచి, బరువు పడగానే మొరాయిస్తే అది ఒత్తిడి సమస్య. రిలీఫ్ వాల్వు స్ప్రింగు బలహీనపడి ఉండవచ్చు, చెత్త ఇరుక్కుని వాల్వు తెరుచుకునే ఉండవచ్చు, లేదా పంపు అరిగి ఉండవచ్చు. పొద్దున బాగా పనిచేసి, నూనె వేడెక్కాక నీరసపడితే అరుగుదల మీదే అనుమానం. వేడికి నూనె పలుచబడి, అరిగిన సందుల్లోంచి మరింత వెనక్కి పారుతుంది. ఏది నిజమో ప్రెషర్ గేజి చెబుతుంది. గేజి లేకుండా రిలీఫ్ వాల్వు స్క్రూ బిగించడం ప్రమాదకరం. గొట్టం పగలవచ్చు, లోడర్ చేతుల వెల్డింగు విడిపోవచ్చు.

సీలు మార్చినా ఆగని జారుడు

ఇక మొదటి ప్రశ్న. లీవరు మధ్యలో ఉన్నప్పుడు పంపు నూనె నేరుగా ట్యాంకుకు పోతుంది. సిలిండర్‌కు వెళ్లే రెండు దారులనూ వాల్వులోని స్పూల్ మూసేస్తుంది. కాబట్టి ఇంజను ఆపినా బకెట్ అదే వేగంతో జారితే పంపుకు దానితో సంబంధం లేనట్టే. బకెట్‌ను నేలకు జానెడు ఎత్తులో ఉంచి, మనుషులను దూరంగా నిలబెట్టి ఈ పరీక్ష చేయాలి.

తర్వాతి అనుమానం పిస్టన్ సీలు మీదకు వెళుతుంది. అదీ పూర్తిగా సరి కాదు. చేతులు దిగాలంటే పిస్టన్ కడ్డీ సిలిండర్‌లోకి చొరబడాలి. కడ్డీకి చోటు దొరకాలంటే అంత నూనె బయటికి పోవాలి. రెండు దారులూ గట్టిగా మూసి ఉంటే, సీలు చిరిగినా నూనె పిస్టన్‌కు ఇటునుంచి అటు చేరుతుందే తప్ప బయటికి పోలేదు. బకెట్ కాస్త కుంగి ఆగిపోతుంది.

కానీ అప్పుడు బరువంతా కడ్డీ వైశాల్యం మీదే పడుతుంది. కడ్డీ వ్యాసం 35 మిల్లీమీటర్లు ఉంటే లోపలి ఒత్తిడి మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. ఆ ఒత్తిడికి స్పూల్ లీకు ఎక్కువవుతుంది. అంటే చిరిగిన సీలు జారుడును పెంచగలదు. దారి ఇచ్చేది మాత్రం సాధారణంగా వాల్వే. స్పూల్‌కూ దాని గూటికీ మధ్య సందు కొన్ని మైక్రాన్లే. వెంట్రుక మందం దానికి ఎన్నో రెట్లు. సన్నని ఒండ్రు రేణువులు నూనెలో చేరితే ఆ లోహాన్ని గీరి సందును పెంచుతాయి. కొత్త రబ్బరు సీలు ఈ గీతలను పూడ్చలేదు.

నూనె ఇచ్చే సాక్ష్యం

నూనెను గాజు సీసాలో పట్టి కదల్చకుండా ఉంచాలి. నురుగుతో తెల్లగా ఉన్న నూనె కాసేపటికి తేటపడితే లోపలికి గాలి వస్తోంది. పంపు పీల్చుకునే గొట్టం వదులైతే ఇలా జరుగుతుంది. అక్కడ నూనె బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. అందుకే చుక్క కూడా కనబడదు, పంపు కూత మాత్రం వినిపిస్తుంది. ఎంతసేపు ఉంచినా పాలలా తెల్లగానే ఉంటే నీరు కలిసింది, నూనె మార్చాల్సిందే. చాలా పాత ట్రాక్టర్లలో గేర్లకూ హైడ్రాలిక్స్‌కూ ఒకే నూనె. గేర్ల అరుగుపొడి కూడా అందులోకే చేరుతుంది.

వేలితో వెతకవద్దు

గొట్టంలో సూదిమొన అంత రంధ్రం నుంచి చిమ్మే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. పైకి చిన్న గాటులా కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట తక్కువే. కొన్ని గంటల్లోనే లోపలి కండ దెబ్బతిని వేలు, చేయి తీసేయాల్సిన స్థితి రావచ్చు. నొప్పి లేదని ఊరుకోకుండా వెంటనే శస్త్రచికిత్స చేసే ఆసుపత్రికి వెళ్లాలి. లీకును వెతకాలంటే అట్టముక్కను గొట్టం దగ్గరగా కదిపి చూడాలి, వేలు పెట్టకూడదు.

ఏ గొట్టం విప్పాలన్నా ముందు బకెట్ నేలను తాకాలి. ఇంజను ఆపి, లీవర్లను అటూ ఇటూ కదిపి మిగిలిన ఒత్తిడిని వదిలేయాలి. నూనె ఒక్కటే ఆపి ఉంచిన బరువు కింద ఎవరూ నిలబడకూడదు. ఆ బరువు మూరెడు జారడానికి పది నిమిషాలు పట్టవచ్చు, గొట్టం పగిలితే క్షణం చాలు.