దయ్యాలకు ఆకుపచ్చ రంగు పూసిందెవరు?

పిల్లలూ, ఇలా దగ్గరగా వచ్చి కూర్చోండి. ఇవాళ దయ్యాల సినిమా కబురు చెబుతాను. భయపడకండి, దయ్యాలు కొంచెమే, సైన్సే ఎక్కువ.

అమెరికాలో పిట్స్‌బర్గ్ అని ఉక్కు కర్మాగారాలకు పేరుపడిన ఊరుంది. అక్కడ టీవీ ప్రకటనలు తీసుకునే కుర్రాళ్ళు కొందరు, తెలిసినవాళ్ళ దగ్గర డబ్బు పోగేసి ఒక సినిమా తీశారు. ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ అనే ఆ సినిమా 1968లో విడుదలైంది. దర్శకుడు జార్జ్ రొమెరో. ఖర్చు సుమారు 1,14,000 డాలర్లు. హాలీవుడ్ సినిమాలకయ్యే ఖర్చు ముందు అది ఏ మూలకూ రాదు. అందుకే నలుపు తెలుపు ఫిల్ము మీద తీశారు. చచ్చినవాళ్ళు లేచొచ్చి ఒక పల్లెటూరి ఇంటిని చుట్టుముట్టడం కథ. తెర మీద రక్తంలా కనబడేది నిజానికి చాక్లెట్ సిరప్. నలుపు తెలుపులో అది చిక్కటి నెత్తురులాగే ఉంటుంది. ఈ చాక్లెట్ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని అవసరం పడుతుంది.

ఈ సినిమాకు మొదట వేరే పేరు పెట్టారు. విడుదలకు ముందు పంపిణీదారులు పేరు మార్చి, కొత్త టైటిల్ కార్డు అతికించారు. పాత కార్డు మీద ఉన్న కాపీరైట్ ప్రకటనను కొత్త కార్డు మీద వేయడం మరిచిపోయారు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ ఒక్క ముక్క లేకపోతే హక్కు పోయినట్టే. అంతమంది రెక్కల కష్టం రాత్రికి రాత్రే ఊరుమ్మడి సొత్తైపోయింది! తరవాత వీడియో క్యాసెట్లు వచ్చాయి. ఎవరైనా ఈ సినిమాను క్యాసెట్ చేసి అమ్ముకోవచ్చు, రొమెరో బృందానికి పైసా ఇవ్వక్కర్లేదు. అందరూ అదే సినిమా అమ్ముతుంటే కొనేవాడు ఎవరి క్యాసెట్ కొంటాడు? ‘మా దాంట్లో రంగులున్నాయి’ అన్నవాడిదే కొంటాడు.

అలా 1986లో హాల్ రోచ్ స్టూడియోస్ వాళ్ళు దీనికి రంగులు వేయించి అమ్మారు. లేచొచ్చిన శవాల చర్మానికి ఆకుపచ్చ రంగు పూశారు. 1997లో ఒకసారి, 2004లో మరోసారి వేరేవాళ్ళు వేరే రంగులు వేశారు. 1987లో అమెరికా కాపీరైట్ కార్యాలయం, మనిషి ఆలోచించి ఎంచుకుని వేసిన రంగులకు కొత్తగా హక్కు నమోదు చేసుకోవచ్చని చెప్పింది. హక్కు ఆ రంగుల వరకే, అడుగునున్న సినిమాకు కాదు. ‘కార్నివాల్ ఆఫ్ సోల్స్’, ‘లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్’, ‘రీఫర్ మ్యాడ్‌నెస్’ లాంటి, అభిమానులున్న చిన్న సినిమాలకు రంగుల డీవీడీలు రావడం వెనక ఈ లెక్క ఉంది.

సరే, ఇప్పుడు అసలు ప్రశ్న. ఒకే సినిమాలో ఒకే శవం, వేసిన రంగులు మాత్రం వేరువేరు. దాని అసలు రంగేమిటో ఫిల్ములో ఎక్కడో దాగి ఉంటుందా? కంప్యూటర్ దాన్ని తవ్వి తీస్తుందా?

తీయలేదు నాన్నా. ఎందుకో చెబుతా. అమ్మ ఫోను తీసుకుని, ఒక పండు మిరపకాయనీ ఒక పచ్చి మిరపకాయనీ పక్కపక్కన పెట్టి ఫొటో తీయండి. తరవాత దాన్ని నలుపు తెలుపులోకి మార్చండి. చాలాసార్లు రెండూ దాదాపు ఒకే బూడిద రంగులోకి వచ్చేస్తాయి. లెక్క చేసి చూద్దాం. ఫోను ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలు రాసుకుంటుంది. పండు మిరపకాయకు 220, 30, 30 అనుకోండి. పచ్చి మిరపకాయకు 50, 110, 60 అనుకోండి. వీటిని బూడిద రంగులోకి మార్చడానికి టీవీ ఇంజనీర్లు ఎప్పటినుంచో వాడే సూత్రం ఒకటుంది: ఎరుపులో 30 శాతం, ఆకుపచ్చలో 59 శాతం, నీలంలో 11 శాతం తీసుకుని కలపాలి. మన కంటికి ఆకుపచ్చ ఎక్కువ వెలుగుగా, నీలం తక్కువ వెలుగుగా అనిపిస్తుంది కాబట్టి ఆ పాళ్ళు. పండు మిరపకాయకు 66, 17.7, 3.3 కలిపితే 87. పచ్చి మిరపకాయకు 15, 64.9, 6.6 కలిపితే 86.5. చూశారా! రంగులు ఎంత వేరో, బూడిద రంగు అంత ఒకటి.

సంతలో వంకాయలు, టమాటాలు, బెండకాయలు ఒకే సంచిలో పోసి తూచితే త్రాసు మూడు కిలోలని చెబుతుంది. ఏవి ఎంతెంత ఉన్నాయో చెప్పలేదు. నలుపు తెలుపు ఫిల్ము కూడా అంతే. ఫిల్ము మీద ఉండే వెండి లవణాలు వెలుగు ఎంత పడిందో దాన్నే గుర్తుంచుకుంటాయి. ఏ రంగు వెలుగన్నది అక్కడే పోయింది. పోయినదాన్ని ఏ యంత్రమూ వెనక్కి తేలేదు. రంగు వేసేవాడు ఊహించాలి, అంతే.

మరి ఊహించి వేసిన రంగు మన కంటికి అంత నమ్మకంగా ఎలా కనిపిస్తుంది? అదే అసలు తమాషా. మన కన్నూ మెదడూ కలిసి వెలుగునీడల తేడాలను చాలా సన్నగా పట్టుకుంటాయి. రంగుల తేడాలను మాత్రం మోటుగానే పట్టుకుంటాయి. కనురెప్ప వెంట్రుక, చొక్కా మడత, గోడ పగులు, ఇవన్నీ వెలుగు తేడాలతోనే తెలుస్తాయి. ఇంజనీర్లు ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టారు. అమెరికాలో 1953లో కలర్ టీవీ పద్ధతి ఖాయం చేసినప్పుడు, నలుపు తెలుపు బొమ్మను ఉన్నది ఉన్నట్టే పంపి, రంగును విడిగా, తక్కువ వివరంతో జతచేశారు. మన దూరదర్శన్‌కు 1982లో రంగులొచ్చినప్పుడు ఇళ్ళల్లోని పాత నలుపు తెలుపు టీవీలు మూలన పడకపోవడానికి కారణం ఇలాంటి ఏర్పాటే. డీవీడీలో కూడా ప్రతి చుక్కకూ వెలుగు విలువ విడిగా ఉంటుంది, రంగు విలువ మాత్రం నాలుగు చుక్కలకు కలిపి ఒక్కటే. మీరెప్పుడైనా తేడా కనిపెట్టారా? లేదు కదా!

సినిమాలకు రంగులు వేసేవాళ్ళు చేసేదీ ఇదే. వెలుగునీడల బొమ్మను ముట్టుకోరు, దాని మీద రంగును పొరలా పరుస్తారు. బొమ్మలోని వివరమంతా పాత ఛాయాగ్రాహకుడు ఇచ్చిందే. పని మాత్రం తక్కువేమీ కాదు. సెకనుకు 24 ఫ్రేములు. 96 నిమిషాల దయ్యాల సినిమాకు లెక్క వేయండి: 1,38,240 ఫ్రేములు! కంప్యూటర్ రాకముందు ఈ పని చేత్తోనే చేశారు. పారిస్‌లో ఎలిజబెత్ తుయ్యే అనే ఆవిడ కార్ఖానాలో ఆడవాళ్ళు వరసగా కూర్చుని, సన్నని కుంచెలతో, మెలియెస్ అనే ఫ్రెంచ్ దర్శకుడి సినిమాల ఫ్రేములకు ఒక్కొక్కదానికీ రంగు అద్దారు. కంప్యూటర్ వచ్చాక ఒక షాటులో ఎంచుకున్న ఫ్రేముకు మనిషి రంగులు పెడితే, బొమ్మ కదిలినకొద్దీ ఆ రంగులు దాని వెంటే వెళ్ళేలా కంప్యూటర్ చూసుకుంటుంది. ఈ పనిని డిజిటల్ పద్ధతిలోకి తెచ్చినవాళ్ళలో బ్యారీ శాండ్రూ ఒకాయన. సినిమా మనిషి కాదు, మెదడు మీద పరిశోధనలు చేసిన శాస్త్రవేత్త!

1980ల నాటి రంగుల్లో మనుషుల ముఖాలు జీవం లేనట్టు ఎందుకుంటాయో తెలుసా? మీ చెల్లి ముఖం పరీక్షగా చూడండి. చెవులు, బుగ్గలు, ముక్కు కొస ఒక రంగు, నుదురు ఇంకో రంగు. అప్పటివాళ్ళు ముఖమంతటికీ ఒకే రంగు వేసి ఊరుకునేవారు. ఇంకో చిక్కు కూడా ఉంది. బాగా నల్లగా ఉన్నచోటా, బాగా తెల్లగా ఉన్నచోటా రంగు నిలవదు. కటిక చీకటిలో తీసిన దృశ్యానికి ఎంత రంగు పోసినా పెద్దగా కనబడదు.

ఇప్పుడు చాక్లెట్ సిరప్ దగ్గరికి వద్దాం. షూటింగ్ రోజున అక్కడ నిజంగా ఉన్న రంగు గోధుమ రంగు. రంగులు వేసేవాడు దానికి ఎరుపు వేయాలి. ‘ఉన్నది ఉన్నట్టు’ వేస్తే సినిమా పాడవుతుంది, కథకు తగ్గట్టు వేస్తే ఆనాటి నిజం కాదు. కాబట్టి రంగులు వేయడం పాత సినిమాను బాగుచేయడం కాదమ్మా, దాని మీద కొత్త నిర్ణయాలు తీసుకోవడం. గంజాయి తాగితే పాడైపోతారని భయపెట్టడానికి 1936లో తీసిన ‘రీఫర్ మ్యాడ్‌నెస్’లో, తరవాత రంగులు వేసినవాళ్ళు పొగకే రకరకాల రంగులు పెట్టారు. అవి ఏ కెమెరా చూసిన రంగులు? ఎవరూ చూడనివి.

అందుకే తీసినవాళ్ళ మాట ముఖ్యం. జాన్ హ్యూస్టన్ అనే గొప్ప దర్శకుడు తన సినిమాలకు రంగులు వేయడాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. ఆయన పోయాక వారసులు ఫ్రాన్స్‌లో కోర్టుకెక్కి 1991లో గెలిచారు. బొమ్మలను కొంచెం కొంచెం కదిపి రాక్షసులను ఆడించిన రే హ్యారీహౌసెన్ మాత్రం, డబ్బు చాలకే నలుపు తెలుపులో తీశామని, 1957 నాటి తన ‘20 మిలియన్ మైల్స్ టు ఎర్త్’కు దగ్గరుండి రంగులు వేయించాడు. ఆ డీవీడీలో సినిమా నడుస్తుండగానే నలుపు తెలుపులోకీ రంగుల్లోకీ మారే వీలుంది. నాకు నచ్చిన పద్ధతి అదే. రెండూ పక్కపక్కన ఉండాలి, చూసేవాళ్ళు పోల్చుకోవాలి.

మన ‘మాయాబజార్’ చిన్న సినిమా కాదు గానీ, సైన్సు మాత్రం ఒకటే. 1957లో వచ్చిన ఆ సినిమాకు హైదరాబాద్‌లో రంగులు వేసి 2010లో విడుదల చేశారు. పడవ మీద వెన్నెల పాటను రెండు రకాలుగానూ చూడండి. ఆ వెన్నెలంతా ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్‌లీ వెలుగునీడలతో పండించింది. రంగుల ప్రతిలోనూ కింద పనిచేస్తున్నది ఆ వెలుగే.

ఈమధ్య ఏఐ క్షణంలో రంగులు వేసేస్తోంది. అది లక్షల రంగుల ఫొటోలను బూడిద రంగులోకి మార్చి చూసి, ఏ ఆకారానికి ఏ రంగు వస్తుందో నేర్చుకుంటుంది. ఆకాశానికి నీలం, గడ్డికి పచ్చ సులువుగా వేస్తుంది. చీర దగ్గరకొచ్చేసరికి చిక్కు. ఎరుపు కావచ్చు, నీలం కావచ్చు, పసుపు కావచ్చు. అన్నిటికీ సగటు కడితే వెలిసిపోయిన మట్టి రంగు వస్తుంది. పాత ఫొటోలకు ఏఐ వేసిన రంగుల్లో ఆ మట్టి ఛాయ మీరే పట్టుకోగలరు.

కాబట్టి మీకో పని చెబుతాను. ఇంట్లో ఉన్న పాత పెళ్ళి ఫొటోను ఏ యాప్‌కో ఇచ్చే ముందు నానమ్మ దగ్గరకు తీసుకెళ్ళండి. పట్టుచీర రంగేమిటి, అంచు రంగేమిటి, తాతయ్య కండువా ఏ రంగు, అన్నీ అడగండి. ఫొటోలో ఆ సంగతి లేదు, నానమ్మకు మాత్రమే తెలుసు. ఆమె చెప్పింది చెప్పినట్టు ఒక కాగితం మీద రాసి ఫొటోతోపాటే దాచండి. తరవాత కావాలంటే రంగులు వేసుకోండి, అసలు ఫొటోను మాత్రం పారేయకండి.