నెల్లూరు స్త్రీలు అడిగిన లెక్క

ప్రొద్దుట పత్రిక వచ్చినంతనే మన యిండ్ల వసారాలలో ఒక చిన్న శాసనసభ కూడుచుండును. పన్ను పెరిగినదని ఒకరు, ధర తగ్గలేదని ఒకరు, తప్పు ఢిల్లీవారిదని ఒకరు, కాదు రాష్ట్రమువారిదేయని మఱియొకరు. బల్ల గ్రుద్దుటయు గలదు. వంటయింటి గుమ్మమువద్ద కాఫీ గ్లాసులతో నిలిచి ఆ మాటలు వినుచుండు మనకు ఆ సభలో సభ్యత్వము లేదు. నిజము చెప్పవలెనన్న, కావలెనని మనమును ఎన్నడు అడుగలేదు. “అవి రాజకీయములు, మనకేల?” అనుకొని ఖాళీ గ్లాసులు తీసికొని లోపలికి పోవుట మనకు అలవాటైనది.

అయినను సోదరీమణులారా, ప్రభుత్వము చేసిన విధానము ఏదైనను కడకు చేరునది ఎక్కడికి? బియ్యపు డబ్బాలోనికి, నూనె సీసాలోనికి, పిల్లవాని బడి జీతములోనికి. వసారాలోనివారు పత్రికలో చదివి తెలిసికొనుదానిని మనము డబ్బా అడుగు గోకునపుడు తెలిసికొందుము. ఈ తెలివిని నలుగురిలోనికి తెచ్చి, అధికారుల యెదుట ప్రభుత్వపు జమాఖర్చులకు ఎదురు నిలిపి వాదించిన స్త్రీలు మన తెలుగునాట నున్నారు. వారు పట్టభద్రులు కారు. పలువురు అప్పుడప్పుడే ఓనమాలు దిద్దుకొన్నవారు. వారి కథ మనలో పెద్దవారికి జ్ఞాపకముండును. చిన్నవారికి ఎవరును చెప్పియుండరు. అందుచేత ఈ నెల దానిని వ్రాయుచున్నాము.

సారాయి అమ్మకము ఆ రోజులలో ఎట్లు జరుగుచుండెనో ముందుగా తెలిసికొనవలెను. అమ్ముకొను హక్కును ప్రభుత్వము ఏటేట వేలము వేయుచుండెను. హెచ్చు పాడిన కాంట్రాక్టరునకు ఆ ప్రాంతము దక్కును. పాటలో పెట్టిన సొమ్మును, దానిపై లాభమును గడువులోపల రాబట్టుకొనవలెను గదా! కావున త్రాగువాడు తనంతట దుకాణమునకు వచ్చువఱకు కాచుకొని కూర్చుండుట కాంట్రాక్టరునకు గిట్టుబాటు కాదు. సారాయియే వాని గడపయొద్దకు పోవలెను. 1980 దశకమున ‘వారుణి వాహిని’ అను పేర ప్రభుత్వమే సారాయిని ప్లాస్టికు పాకెట్లలో నింపించి సరఫరా చేయించిన తరువాత ఈ పని మఱింత సులువైనది. సీసా పగులును, కుండ ఒలుకును. పాకెట్టు జేబులో పట్టును. పొలము గట్టునకు, కూలి పంచుచోటికి, ఊరి రచ్చకు పాకెట్లు నడచివచ్చినవి. ఆ పథకమునకు పేరు పెట్టినవారెవరో గాని సంస్కృతము బాగుగ చదివిన వారై యుందురు. రాష్ట్రమునకు ఎక్సైజు వలన వచ్చిన రాబడి 1970–71లో 39 కోట్ల రూపాయలు; 1991–92లో 812 కోట్లు. ఇరువది యొక్క యేండ్లలో ఇరువది రెట్లకు పైగా పెరిగినది.

ఇట్లుండగా 1990 జనవరిలో నెల్లూరు జిల్లాలో ‘అక్షర దీపం’ అను అక్షరాస్యతోద్యమము ఆరంభమైనది. జిల్లా అధికారులు, జనవిజ్ఞాన వేదికవంటి సంఘములవారు, ఊరూర చదువుకొన్న యువతీయువకులు దీనికై పాటుపడిరి. పగలెల్ల కూలికి పోయి, రాత్రి వంట ముగించి, పిల్లలను నిద్రపుచ్చి స్త్రీలు లాంతరు వెలుగున పలకలు పట్టిరి. ఆ వాచకములలో ‘అల, వల’ మాత్రమే గాక వారి బ్రతుకునుండి తీసిన పాఠములు గలవు. వానిలో త్రాగుడువలన ఇడుమలు పడిన సీతమ్మ కథ యొకటి. పాఠము చదివి ఊరకుండుట గాక దానినిగూర్చి మాటలాడుకొనుట ఆ బడుల పద్ధతి.

ఈ మాటలాడుకొనుటలోనే ఉన్నది విశేషమంతయు. మొదటి రాత్రి వారు తమ తమ మగలనే తిట్టుకొనియుందురని మా యూహ. ఏ స్త్రీయైనను అచటనే మొదలిడును. మా ఆయన బుద్ధి మంచిది కాదు, నా నుదుటి వ్రాత యిట్టిది అని ఏడ్చి ఊరకుండుట మన తల్లులనాటినుండి వచ్చుచున్నదే. అయితే పదిమంది ఒకచోట కూర్చుండి అదే కథను పదిమార్లు చెప్పుకొన్నపుడు, పదిమంది నుదుళ్లపైన బ్రహ్మదేవుడు ఒకే వ్రాత ఎట్లు వ్రాసెననెడి సందేహము రాక మానదు. అప్పుడు ప్రశ్న మాఱును. పాకెట్టు మన వీధిలోనికి తెచ్చినది ఎవరు? దుకాణదారుడు. వానికి ఇచ్చినది ఎవరు? కాంట్రాక్టరు. కాంట్రాక్టరునకు హక్కు అమ్మినది ఎవరు? ఇచటికి వచ్చుసరికి మగనిమీది కోపము ప్రభుత్వ విధానముపై చర్చ అయినది. అర్థశాస్త్రము చదివినవారు దీనికి పెద్ద పేర్లు పెట్టుదురు. ఆ స్త్రీలు లాంతరు చుట్టు కూర్చుండి మెట్టు వెంట మెట్టు ఎక్కి అచటికి చేరిరి.

కలిగిరి మండలములోని దూబగుంట గ్రామ స్త్రీలు మాటలతో ఆగక తమ యూరి సారాయి దుకాణమును మూయించిరి. వారిలో ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మగారు తరువాత దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతట పేరుపొంది, 2016లో కాలధర్మము చెందిరి. దూబగుంటలో జరిగినదంతయు ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అను పాఠముగా తరువాతి వాచకములోనికి ఎక్కినది. దానిని చదివిన ఇతర గ్రామముల స్త్రీలు, వారు చేయగా మనమేల చేయరాదనిరి. ఒక ఊరివారు చేసిన పని పక్కయూరివారికి పాఠమగుట మన వాచకముల చరిత్రలో అరుదు.

1992లో ఈ యలజడి జిల్లా యంతట ప్రాకినది. చీపుళ్లు, కారపుపొడి పట్టుకొని దుకాణములకు కాపలా కాచిరి. పాకెట్లను వీధిలో పోసి తగులబెట్టిరి. వేలము జరుగు చోటికే వందలాదిగా వచ్చి అడ్డుకొనిరి. వేలము పలుమాఱు వాయిదా పడినది. ‘ఈనాడు’ పత్రిక ఈ వార్తలకై ప్రత్యేకముగా పుట కేటాయించినది. వావిలాల గోపాలకృష్ణయ్యగారివంటి వృద్ధ స్వాతంత్ర్య యోధులు మద్యనిషేధమునకై ఊరూర తిరిగిరి.

అప్పుడు వచ్చినది అసలైన వాదము. వందలకోట్ల రాబడి పోయినచో బడులెట్లు నడచును? ఆసుపత్రులకు మందులెట్లు వచ్చును? పేదలకు చౌకబియ్యము ఎట్లు ఇత్తుము? 1983 నుండి కిలో రెండు రూపాయలకు బియ్యమిచ్చు పథకము తెలిసిన రాష్ట్రమిది. ఆ భారమునకు సొమ్ము కావలసినమాట నిజమే. ఇది తేలికగ త్రోసివేయదగిన వాదము కాదు. ఖజానాకు ఆదాయము లేక ఏ ప్రభుత్వమును నడువదు.

దీనికి స్త్రీల వాదమేమో ఒక సంసారపు లెక్కగా వేసి చూతము. మగనికి దినమునకు 20 రూపాయల కూలి వచ్చెననుకొందము. అందులో 12 సారాయికి పోయినవి. ఆ 12లో వండినవాని పాలు, కాంట్రాక్టరు లాభము, నడుమ కన్ను మూసికొన్నవారి మామూలు పోగా, మిగిలినది ఖజానాకు చేరును. ఖజానానుండి అది మరల బియ్యపు సబ్సిడీగా, ఆసుపత్రిగా మన ఊరికి రావలెను. వచ్చునపుడు దారిలో ఇంకను కొంత తఱుగును. చివరకు ఇల్లాలి చేతికి ఎంత వచ్చినది? ఇది గాక, త్రాగినవాడు మఱునాడు పనికి పోనందున పోయిన కూలి, వాడు కొట్టినందున కట్టుకు అయిన ఖర్చు, తాకట్టు పడిన కుంచము, చెంబు — ఇవి ఏ పద్దులోను లేవు. “ఆ పన్నెండు రూపాయలు మా చేతనే ఉండనిండు, బియ్యము మేమే కొనుక్కొందుము” అనుటయే ఆ వాదము. త్రాగుటకు మంచినీళ్లు లేని ఊరికి సారాయి మాత్రము తప్పక ఎట్లు వచ్చుచున్నదని కూడ వారు అడిగిరి. ఈ ప్రశ్నకు ఏ కార్యాలయమునను తగిన జవాబు దొరకినట్లు మేమెఱుగము.

మద్యముపై వాదము మనకు క్రొత్తది కాదు. మదరాసు రాష్ట్రమున రాజాజీ ప్రభుత్వము 1937లో సేలము జిల్లాలో నిషేధము మొదలిడి, 1938లో మన చిత్తూరు, కడప జిల్లాలకు దానిని తెచ్చినది. 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి ఆంధ్ర ప్రభుత్వము పడిపోయినది మద్యనిషేధ వివాదముమీదనే, అదియు ఒక్క ఓటు తేడాతో. అయితే ఆ వాదములన్నియు నాయకులు చేసినవి. స్త్రీల దుఃఖము అందు ఉదాహరణగా వచ్చినది. నెల్లూరిలో ఆ దుఃఖము పడినవారే వాదులైరి.

ఫలము త్వరగానే వచ్చినది. కోట్ల విజయభాస్కరరెడ్డిగారి ప్రభుత్వము 1993 ఏప్రిల్ 15 నుండి నెల్లూరు జిల్లాలోను, అక్టోబరు 1 నుండి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటను సారాయిని నిషేధించినది. 1994 డిసెంబరులో ఎన్.టి. రామారావుగారు ముఖ్యమంత్రిగా ప్రమాణము చేసిన సభలోనే సంపూర్ణ మద్యనిషేధపు కాగితముపై సంతకము చేసిరి. 1995 జనవరి 16న అది అమలునకు వచ్చినది. ‘వారుణి వాహిని’ మొదలైనదియు వారి నాటి ప్రభుత్వముననే యని చెప్పక తప్పదు. ఓటు వేయువారు గట్టిగ మాటలాడినచో నాయకుల మనసు మాఱుననుటకు ఇంతకంటె నిదర్శన మేల?

రెండేండ్లకు కొంచెము పైగా గడచిన పిమ్మట, 1997 ఏప్రిల్‌లో చంద్రబాబునాయుడుగారి ప్రభుత్వము సంపూర్ణ నిషేధమును ఎత్తివేసినది. సారాయిపై నిషేధము మాత్రము నిలిచినది. ఇందు తప్పు ఒక్కరిదే యనుట న్యాయము కాదు. పొరుగు రాష్ట్రములనుండియు, గోదావరి ఒడ్డుననే ఉండి మన చట్టమునకు లోబడని యానామునుండియు సీసాలు వచ్చుచునే యుండెను. దొంగసారా బట్టీలు లేచినవి. నిషేధము కాగితముపై ఉండి వీధిలో లేకున్న, త్రాగువానికి ధర పెరుగుట తప్ప ఇల్లాలికి కలిగిన మేలేమని అడిగిన స్త్రీలను మేమే విన్నాము. 1996లో ప్రభుత్వము తన ఆర్థికస్థితిపై శ్వేతపత్రములు ప్రకటించి లోటును ప్రజల ముందు పెట్టినది. అది మంచిదే. కాని ఖజానా లోటును కొలుచుటకు పట్టికలున్నవి గాని, పొయ్యి లోటును కొలుచు పట్టికను ఇంతవఱకు ఎవరును తయారు చేయలేదు. నిషేధము సరియా, నియంత్రణము సరియా యను విషయమున మాలోను ఏకాభిప్రాయము లేదు. అడిగిన లెక్కకు జవాబు రాలేదను విషయమున మాత్రము ఉన్నది.

మన రాజ్యాంగము 47వ అధికరణమున మత్తుపానీయములను నిషేధించుటకు ప్రయత్నింపవలెనని ప్రభుత్వములకు చెప్పుచున్నది. అయితే అది ఆదేశిక సూత్రమే గాని, న్యాయస్థానమునకు పోయి అమలు చేయించుకొను హక్కు కాదు. మద్యము రాష్ట్ర జాబితాలోని విషయము. 2017లో జి.ఎస్.టి. వచ్చినపుడు రాష్ట్రముల పన్నులు అనేకము అందులో కలిసిపోగా, త్రాగెడి మద్యముపై పన్ను మాత్రము రాష్ట్రముల చేతనే యుండిపోయినది. స్వయముగ హెచ్చించుకొనదగిన ఆదాయములు కొద్దిగా మిగిలిన రాష్ట్రమునకు దీనిపై మమకార మేల తగ్గును? షెడ్యూల్డు ప్రాంతములలో మాత్రము 1996 నాటి పెసా చట్టమువలన మద్యము విషయమున గ్రామసభకే అధికారము గలదు. మైదాన ప్రాంతపు గ్రామసభలకు ఆ చట్టము వర్తింపదు.

తరువాతి కథ మీరెఱిగినదే. ఆంధ్రప్రదేశమున 2019 అక్టోబరునుండి దుకాణములను ప్రభుత్వమే నడపినది. 2024 అక్టోబరులో మరల ప్రైవేటువారికి లాటరీ మీద ఇచ్చినది. మొత్తము 3,396 దుకాణములు. ఒక్కొక్క దరఖాస్తునకు 2 లక్షల రుసుము. దుకాణము వచ్చినను రాకున్నను ఆ సొమ్ము తిరిగి రాదు. అయినను దరఖాస్తులు వేలకు వేలు వచ్చిపడినవి. స్త్రీల పేరిట కూడ కొన్ని దుకాణములు వచ్చినవి.

ఆ వార్త వచ్చిననాడు మా వసారా సభ హోరెత్తినది. ప్రభుత్వమునకు ఎన్ని కోట్లు వచ్చినవో వేళ్లు మడచి లెక్కించుచుండగా, పాలు పోయుటకు వచ్చిన ఆమె మెట్టుమీద క్యాను దింపి వినుచు నిలిచినది. కొంతసేపటికి మా వైపు తిరిగి, “రెండు లచ్చలు ఊరికే పోయినా పరవాలేదన్నాడంటే, కొట్టు దొరికినోడు అదంతా మళ్లా ఎవురికాడ రాబట్టుకుంటాడమ్మా?” అని అడిగినది. వసారాలో ఎవరును బదులు చెప్పలేదు. ఆమె రెండు గ్లాసుల పాలు కొలిచి, పైన కొసరు పోసి, క్యాను ఎత్తుకొని పక్కయింటికి పోయినది.