గుల్‌మార్గ్ గదిలో గాలి

అమ్మడూ, పండగ వెళ్లగానే స్నేహితులతో కలిసి కాశ్మీరులోని గుల్‌మార్గ్ వెళ్తున్నావనీ, అక్కడ మంచు మీద స్కీయింగ్ నేర్చుకుంటావనీ మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం తల్లీ. జారడం ఎలాగో అక్కడి మాస్టార్లు నేర్పుతారు. రాత్రిళ్లు మీరు పడుకోబోయే గది గురించి మాత్రం ఈ తాత నాలుగు మాటలు చెప్పాలి. తుళ్లూరు ఎండల్లో పెరిగినవాళ్లం మనం. ఒంట్లో వేడిని ఎలా దించుకోవాలో మనకి ఉగ్గుపాలతోనే వచ్చింది. ఉన్న కాస్త వేడినీ పోకుండా ఎలా పట్టుకోవాలో మాత్రం ఎవరైనా చెబితే తప్ప తెలియదు.

స్కీలు మంచు మీద ఎందుకు జారతాయని అడిగావు కనక ముందు ఆ సంగతి. స్కీల కింద మంచు ఒత్తిడికి కరుగుతుందని పాత పుస్తకాల్లో రాసేవారు. లెక్క వేసి చూడు. నీ బరువంతా ఆ రెండు పొడవాటి పలకల మీద పరుచుకున్నాక పడే ఒత్తిడి, మంచు కరిగే ఉష్ణోగ్రతని డిగ్రీలో వెయ్యో వంతు కూడా దించలేదు. 1939లో బౌడెన్, హ్యూస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు స్విట్జర్లాండులోని యుంగ్‌ఫ్రౌయోఖ్ దగ్గర మంచుగుహలో ప్రయోగాలు చేశారు. రాపిడిలో పుట్టే వేడే మంచు పైపొరని కరిగిస్తుందని చూపించారు. ఆ పల్చటి నీటిపొర మీదే నువ్వు జారతావు. చలి మరీ ముదిరితే ఆ పొర సరిగా ఏర్పడదు, స్కీలు పట్టేస్తాయి.

ఇక గది. మంచుకొండల్లో బాటసారులకి సత్రం నడపడం కొత్త సంగతేం కాదు. స్విట్జర్లాండు, ఇటలీల మధ్య గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమలో, 2,469 మీటర్ల ఎత్తున, క్రైస్తవ సన్యాసులు దాదాపు వెయ్యేళ్లుగా సత్రం నడుపుతున్నారు. చలికాలం అక్కడికి రోడ్డు మూసుకుపోతుంది. ఇప్పటికీ ఆ నెలల్లో వెళ్లేవాళ్లు స్కీల మీదో, మంచులో దిగబడని వెడల్పాటి జోళ్ల మీదో వెళ్లాల్సిందే. మీ గుల్‌మార్గ్ అంతకన్నా ఇంకొంచెం ఎత్తు, 2,650 మీటర్లు.

గాలిలో ఆక్సిజన్ పాలు తుళ్లూరులోనూ అక్కడా ఒకటే, నూటికి 21. తేడా అంతా గాలి ఒత్తిడిలో ఉంది. మన ఊళ్లో ఉన్న ఒత్తిడిలో అక్కడ ఉండేది నూటికి 72 పాళ్లే. ఒక్కో ఊపిరికీ లోపలికి వెళ్లే ఆక్సిజన్ పావు వంతుకి పైగా తగ్గిపోయిందన్నమాట. గొండోలా అనే రోప్‌వే ఎక్కి అఫర్వట్ కొండ మీదికి, 3,980 మీటర్ల దాకా వెళ్తే అది 61 పాళ్లకి దిగుతుంది. అందుకే మొదటి రాత్రి నిద్ర సరిగా పట్టదు. తల నొస్తుంది, అన్నం సయించదు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. ఒళ్లు వెంటనే పనిలోకి దిగి ఊపిరి వేగం పెంచుతుంది. దాంతో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. దాన్ని సరిచేయడానికి మూత్రపిండాలకి కొన్ని రోజులు పడుతుంది. ఎర్రకణాలు పెరగాలంటే వారాలు కావాలి. కాబట్టి శ్రీనగర్‌లో దిగిన రోజే పైకి పరిగెత్తకండి. అది 1,600 మీటర్ల దగ్గర ఉంది, ఒక రాత్రి అక్కడ పడుకుని వెళ్లండి. కొండ మీద ఎవరికైనా నడక తూలుతున్నా, కదలకుండా కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా కిందికి దించడమే మందు. తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు.

మైదానం పిల్లలకి ఇదంతా చేతకాదేమోనని అధైర్యపడకు. నిజామాబాదు జిల్లా పాకాల నుంచి వెళ్లిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆ పిల్లకి 13 ఏళ్ల 11 నెలలు. ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుకున్నవాళ్లే. ముందు భువనగిరి గుట్ట మీద, తర్వాత డార్జిలింగ్‌లో, ఆ తర్వాత లద్దాఖ్ చలిలో తర్ఫీదు పొంది వెళ్లారు. ఒంటికి కావలసింది వ్యవధి. అది ఇస్తే నల్లరేగడిలో పుట్టిన ఒళ్లయినా సర్దుకుంటుంది.

మన పంటలు రెండూ, పత్తీ మిరపా, అక్కడ మనం అనుకున్నట్టు పనిచేయవు. జాగ్రత్తగా విను. ఒంటికి వెచ్చదనం ఇచ్చేది బట్ట కాదు, బట్ట పోగుల మధ్య చిక్కుకుని కదలకుండా ఉన్న గాలి. గాలికి వేడిని మోసే గుణం చాలా తక్కువ. నీరు దానికన్నా సుమారు 24 రెట్లు ఎక్కువగా వేడిని లాక్కుపోతుంది. నూలుబట్ట చెమటని ఇట్టే పీల్చుకుంటుంది, తొందరగా ఆరదు. మన ఎండలో దాని గొప్పతనమే అది. మంచులో స్కీయింగ్ చేసి చెమట పట్టాక అదే తడి బనీను ఒంటికి అతుక్కుని వేడినంతా తోడేస్తుంది. ఉన్ని అలా కాదు. తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా, పోగుల మధ్య గాలిని వదలదు. అందుకని లోపల ఉన్నిదో, సింథటిక్‌దో వేసుకో. గదిలో కప్పుకునే దూదిరజాయి మాత్రం బంగారమే, పొడిగా ఉన్నంతసేపూ. కొత్తగా కురిసిన మంచులో కూడా నూటికి 90 పాళ్లు గాలే ఉంటుంది. అందుకే కప్పు మీద పేరుకున్న మంచు కింద గదికి దుప్పటి అవుతుంది.

మిరపకాయది ఇంకో కథ. గుంటూరు కారం ఒంటికి వేడి పుట్టిస్తుందని మన నమ్మకం. నిజానికి అది ఉష్ణోగ్రతని పెంచదు. కారంలో ఉండే కాప్సైసిన్ మన నరాల చివర టీఆర్‌పీవీ1 అనే ఒక తలుపుని తెరుస్తుంది. 43 డిగ్రీలు దాటిన వేడి తగిలినా తెరుచుకునేది ఆ తలుపే. మెదడు రెండిటికీ తేడా తెలియక వేడి తగిలిందనుకుంటుంది. ఈ గుట్టు 1997లో విప్పిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. మన కల్లాల మీద ఆరే కాయ నోబెల్ దాకా వెళ్లిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. వేడెక్కాననుకున్న ఒళ్లు చర్మం కింద రక్తనాళాలు విప్పారించి, చెమట పట్టించి, ఉన్న వేడిని బయటికి పంపేస్తుంది. కాబట్టి కారప్పొడి సంతోషంగా పట్టుకెళ్లు. రాత్రి గదిలో అన్నంలో కలుపుకు తిను. బయట చలిలో వెచ్చదనం కోసం దాన్ని నమ్ముకోకు. మద్యానికీ ఇదే సూత్రం, ప్రమాదం ఇంకా ఎక్కువ.

అక్కడ నీళ్లు 91 డిగ్రీలకే మరిగిపోతాయి. వంటగది ఉన్న బస అయితే కందిపప్పు కుక్కర్లోనే పెట్టండి, ఉట్టి గిన్నెలో తొందరగా ఉడకదు. చల్లగాలి తేమని ఎక్కువగా పట్టుకోలేదు గనక, దాన్ని గదిలో వేడిచేస్తే గొంతు పిడచగట్టుకుపోతుంది. దాహం వెయ్యకపోయినా నీళ్లు తాగుతూ ఉండు.

ఇప్పుడు అసలు మాట. చలికి తాళలేక గదిలో నిప్పు పెట్టుకుంటారు చూడు, నా భయమంతా దాని గురించే. మన ఇళ్లల్లో బాలింత మంచం కింద కుంపటి పెట్టేవాళ్లు. ఏమీ కాలేదంటే కారణం మన పెంకుటిళ్లు. పెంకుల సందుల్లోంచి గాలి ఆడుతూనే ఉండేది. కొండ మీది గదికి చలిగాలి చొరబడకుండా ప్రతి సందూ మూసేస్తారు. అలాంటి గదిలో బొగ్గయినా గ్యాసయినా తగినంత ఆక్సిజన్ అందక సగం సగం కాలి కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గ్యాసు లీకైతే ముక్కు పట్టేస్తుంది, కాలాక పుట్టే దీన్ని పట్టలేదు. రక్తంలో హీమోగ్లోబిన్‌ని అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. రైల్లో సీట్లన్నీ ముందే ఎక్కినవాళ్లు ఆక్రమించుకుని దిగకపోతే మనం ప్లాట్‌ఫారం మీద మిగిలిపోయినట్టు, ఆక్సిజన్‌కి చోటు దొరకదు. అసలే పల్చని గాలి, దానికి తోడు ఇది.

2020 జనవరిలో కేరళ నుంచి నేపాల్ చూడటానికి వెళ్లినవాళ్లు దామన్ అనే కొండ ఊళ్లో రాత్రి బస చేశారు. చలికి గ్యాస్ హీటర్ పెట్టుకుని, తలుపులూ కిటికీలూ వేసుకుని పడుకున్నారు. ఆ గదిలో పడుకున్న 8 మందీ పోయారు. అందులో నలుగురు చిన్నపిల్లలు. ఆ వార్త చదివాక నాకు చాలా రోజులు మనసు మనసులో లేదు.

ఇంకా పెద్ద చిక్కు ఏమిటంటే, ఈ విషవాయువు లక్షణాలు కూడా తలనొప్పి, వికారం, మగతే. ఎత్తు పడకపోతే వచ్చేవీ అవే. ఇది కొండ తలనొప్పే అనుకుని ముసుగు తన్ని పడుకుంటే అంతే. తేడా ఇలా పట్టుకో. ఒకే గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తల నొచ్చి, బయటికి రాగానే తేలికపడితే అది నిప్పు చేసిన పనే. వెంటనే అందర్నీ బయటికి లాగు, హీటర్ ఆర్పించు, డాక్టరుకి చూపించు.

కాశ్మీరులో బుఖారీ అని గొట్టం ఉన్న పొయ్యి పెడతారు. పొగ గొట్టంలోంచి బయటికి పోతుందా, మంచో మసో అడ్డుపడిందా అని బసవాళ్లని దగ్గరుండి చూపించమను. కాశ్మీరీలు ఫిరన్ అనే పొడుగు అంగీ కింద పెట్టుకునే కాంగ్డీ, అంటే నిప్పుల కుండ, మెలకువగా ఉన్నప్పటి సంగతి, పడకలోకి తేవొద్దు. పడుకునే ముందు నిప్పన్నది ఏదైనా సరే ఆర్పి గది బయట పెట్టించు. కరెంటు దుప్పటి ఉంటే అడిగి తీసుకో. కిటికీ వేలెడు తెరిచి ఉంచడం మంచిదే గానీ, దాన్ని నమ్ముకుని కుంపటి పక్కన నిద్రపోవద్దు.

కార్బన్ మోనాక్సైడ్ అలారం అని అరచేతిలో పట్టేంత పరికరం దొరుకుతుంది, బ్యాటరీతో పనిచేస్తుంది. స్కీయింగ్ జాకెట్టు కొనుక్కునే ముందు అది కొనుక్కో. మీ స్నేహితుల చేత కూడా ఒకటి కొనిపించు. ఈ కబుర్లు చదివే తల్లిదండ్రులారా, మీ పిల్లలు కొండలకి బయల్దేరుతుంటే స్వెట్టర్లతో పాటు దాన్ని కూడా సంచిలో పెట్టి పంపండి.