సూరత్ విందులో షిరాజ్

1689లో ఇంగ్లండు నుంచి బయలుదేరి సూరత్ చేరిన ఆంగ్ల మతాచార్యుడు జాన్ ఓవింగ్టన్, అక్కడి ఈస్టిండియా కంపెనీ కొఠీలోని భోజనవైభవాన్ని తన యాత్రాగ్రంథంలో వర్ణించాడు. వెండి పళ్ళాలు, పలావు, కబాబులు. వాటితోపాటు ధారాళంగా షిరాజ్ ద్రాక్షాసవం!

పర్షియాలోని షిరాజ్ నగరం నుంచి ఆ ఆసవం బందర్ అబ్బాస్ రేవుకు, అక్కడినుంచి ఓడలలో సూరత్‌కు వచ్చేది. దానిని నింపే పెద్ద గాజుబుడ్డి పేరు ‘కరాబా’. నేటి రసాయనశాలల్లోని ‘కార్బాయ్’ ఆ మాటకు రూపాంతరమే.

ఇప్పుడు షిరాజ్ పేరుతో అమ్ముడయ్యే ఎర్ర వైన్‌కు ఆ నగరంతో సంబంధం లేదు. దాని ద్రాక్ష ఫ్రెంచి దేశపు ‘సిరా’. 1998లో జరిపిన జన్యుపరీక్షలు దాని తల్లిదండ్రులు రెండూ ఆగ్నేయ ఫ్రాన్స్ తీగలేనని తేల్చాయి. 1832లో జేమ్స్ బస్బీ ఆ తీగలను ఆస్ట్రేలియాకు చేర్చాడు. షిరాజ్ అన్న పేరు అక్కడే స్థిరపడింది.

దీని ప్రత్యేకత నేరేడుపండు వంటి ముదురు రంగు, మిరియాల ఘాటు. ఆ ఘాటుకు మూలమైన ‘రొటండోన్’ అసలు మిరియాలలోనూ ఉన్నదని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 2008లో వెల్లడించారు. మిరియాల కోసం సముద్రాలు దాటినవారి వారసులకు అది ద్రాక్షలోనే దొరికిందన్నమాట!

కొత్త షిరాజ్ వక్క నమిలినట్టు వగరుగా ఉంటుంది. తొక్కనుంచి, గింజనుంచి దిగిన టానిన్ దీనికి కారణం. ఏళ్ళు గడిచేకొద్దీ టానిన్, రంగు పదార్థాలు ఒకదానితో ఒకటి కలిసి, బరువెక్కి, మడ్డిగా అడుగుకు దిగుతాయి. వగరు మెత్తబడుతుంది, ఊదారంగు ఇటుకరంగుకు తిరుగుతుంది, పండువాసన వెనక్కి తగ్గి తోలు, పొగాకు వాసనలు తలెత్తుతాయి.

ఈ ఓపిక ఒకరి ఉద్యోగధర్మానికే పరీక్ష పెట్టింది. పెన్‌ఫోల్డ్స్ సంస్థలో మాక్స్ షూబర్ట్ 1951లో ‘గ్రేంజ్’ అనే షిరాజ్‌ను ప్రయోగాత్మకంగా తయారుచేశాడు. దశాబ్దాలు నిలవాలన్నది అతని సంకల్పం. రుచి చూసిన పెద్దలు పెదవి విరిచారు. 1957లో తయారీ ఆపమని యాజమాన్యం ఆజ్ఞాపించింది. షూబర్ట్ మూడేళ్ళు రహస్యంగా కొనసాగించాడు. ఈలోగా పాత సీసాలు పక్వానికి వచ్చాయి. 1960లో నిషేధం తొలగింది. తప్పు సరుకుది కాదు, తొందరపాటుది.

అయితే ప్రతి షిరాజ్ గ్రేంజ్ కాదు. చవకరకాన్ని మూడు నాలుగేళ్ళకు మించి దాచడం వృథా. మేలురకమైనా చీకటిలో, 12–15 డిగ్రీల చల్లదనంలో, బిరడా ఎండిపోకుండా సీసాను పడుకోబెట్టి ఉంచాలి. సూరత్ వేసవికి ఏ వైనూ తట్టుకోలేదు. పైగా 1960లో గుజరాత్ ఏర్పడిన నాటినుంచి అక్కడ మద్యనిషేధం అమలులో ఉంది. షిరాజ్ తోటలు చూడాలంటే సరిహద్దు దాటి నాసిక్ వెళ్ళవలసిందే.